కాలు మీద కాలు

నూట పదహారు కిలోలున్నప్పుడు
నా జాకెట్టు నేనే కుట్టుకునేదాన్ని, రాత్రిపూట,
షట్టరు సగం దించి.
టేపులో ఆ చివరి అంకెలు
నాకు తప్ప ఎవరికీ పనికొచ్చేవి కావు.

ఇప్పుడు అరవై మూడు.
మూడు లాంతర్ల దగ్గర నన్ను దాటిపోయినవాళ్ళు
వెనక్కొచ్చి మరీ చూస్తున్నారు.
"వరహాలమ్మవేనా? ఓలమ్మో, ఏటిలాగైపోనావు!"

విశాఖలో కడుపు కోసి, మడిచి, కుట్టేశారు.
స్లీవ్ అంటారట దాన్ని.
పాతికేళ్ళుగా జాకెట్లకి చేతులు కుడుతున్నదాన్ని,
మత్తులోకి జారుతూ కూడా నవ్వొచ్చింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు
అంబలి రెండు గుక్కలు. మూడో గుక్క వాంతి.
రాసిచ్చిన మాత్రలు అయిపోయాక మళ్ళీ కొనలేదు.
తగ్గుతున్నాను కదా, ఇంకా మందులెందుకు?

మొదట అరికాళ్ళలో ఇసక.
చెప్పులు దులిపాను, రాలిందేమీ లేదు.
తర్వాత రాత్రుళ్ళు మంట,
బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద పాదం ఇరుక్కున్నట్టు.
తెల్లారితే ఏమీ ఉండదు.
ఏమీ అంటే, కాలు కూడా.
ఓ రోజు కోట దగ్గర ఆటో దిగి
కొట్టు దాకా నడిచొచ్చాక హైమ అడిగింది,
"పిన్నీ, ఎడమకాలి చెప్పేదీ?"
ఎక్కడ జారిందో కాలికి తెలీదు.
సూది వేలిలో దిగిన సంగతి
బడిపిల్లాడి తెల్లచొక్కా మీద ఎరుపు చూసి తెలుసుకున్నాను.

మా ఆయనకి చెబితే
"లావుకీ ఏడుపే, సన్నానికీ ఏడుపేనా" అన్నాడు.
ఆరెంపీ ఎర్రమందు పొడిచి నీరసమన్నాడు.
బొత్తాల కొట్టు సన్యాసప్పడు దిష్టన్నాడు,
అంతమంది చూశారు మరి, అదీ నిజమేనేమో.
ఎక్స్‌రేలో ఎముకలు ముచ్చటగా పడ్డాయి.

పెద్దాసుపత్రికి నరాల డాక్టరమ్మ గురువారాలే వస్తుంది.
చీటీ నంబరు ఎనభై ఏడు.
బల్ల మీద పక్కన నెల్లిమర్ల జూట్‌మిల్లు ముసలాయన,
చెయ్యి దానంతటదే వణుకుతోంది.
"నీకేటమ్మా?"
"కాలు నాది కాదంటోంది బాబూ."
ఆయన నవ్వలేదు. ఊఁ అన్నాడు.
ఇన్నాళ్ళకి ఒక ఊఁ.

"కళ్ళు మూసుకో. గుచ్చినప్పుడల్లా చెప్పు."
మూసుకున్నాను. ఎదురుచూశాను.
"ఇంకా మొదలెట్టలేదా అమ్మా?"
కళ్ళు తెరిస్తే
అప్పటికే పిక్క సగం దాటింది సూది.

మడమల మీద నడవమంది.
ఎడమ పాదం తడిగుడ్డలా వేలాడింది.
"కొట్లో ఎలా కూచుంటావు?"
ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న.
సిగ్గుపడుతూ చూపించాను.

నలభై నాలుగేళ్ళకి
ఈ ఏడాదే నాకు కాలు మీద కాలు పడింది.
మా ఊళ్ళో ప్రెసిడెంటు కూచునేవాడు అలా,
వచ్చినవాళ్ళని నిలబెట్టి.
నా తొడలెప్పుడూ ఒప్పుకోలేదు.
మొదటిసారి ఎడమకాలు ఎక్కిన సాయంత్రం
చీకటి పడేదాకా దించలేదు.
కాజాలూ హెమ్మింగులూ అన్నీ ఆ గద్దె మీంచే.

డాక్టరమ్మ నా మోకాలి పక్కన వేలు పెట్టింది.
"ఇక్కడ నరం ఎముక మీంచే పోతుంది.
ఇన్నాళ్ళూ మెత్త ఉండేది. కరిగిపోయింది.
నువ్వు రోజంతా దాన్ని నొక్కిపెడుతున్నావు."
లైనింగు తీసేసిన గుడ్డ, అనుకున్నాను.
"మిగతా మంటంతా ఆకలి.
నీ కడుపు ఆకలి మర్చిపోయింది, నరాలు మర్చిపోలేదు."

తగ్గుతుందా అనడిగాను.
"పాదం మెల్లగా లేవొచ్చు. వేళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేను.
ఆలస్యంగా వచ్చావు."
తిట్టలేదు. కాగితం నిండా రాసింది,
సూదులు, మాత్రలు, గుడ్లు, పాదానికో పట్టీ.
కింద గీత గీసి: కాలు మీద కాలు వద్దు.

బయట ముసలాయన ఇంకా బల్ల మీదే ఉన్నాడు.
"ఏటన్నాదమ్మా?"
"కాలు కిందకి దించమంది."
ఈసారి నవ్వాడు, వణికే చెయ్యి రెండో చేత్తో పట్టుకుని.
"మనలాటోలకి ఎప్పుడూ సెప్పీదదే గదమ్మా."

నవ్వుతూనే మెట్ల దగ్గరికొచ్చాను.
తల వంచి, ఎడమ పాదాన్ని కళ్ళతో పట్టుకుని
ఒక్కో మెట్టూ చూసి చూసి దిగాను.