అవుటర్‌లో

విజయవాడ జంక్షన్‌లో ఎంక్వైరీ కిటికీ వెనక
ఏడేళ్ళుగా ఒకటే ప్రశ్న వింటున్నాను:
"బండి ఎందుకాగిందండీ?"
రాయనపాడు దాటి, ఊరి దీపాలు కనిపిస్తుండగానే
ఆగిపోతుంది.
ఇంజను చెడలేదు, పట్టా విరగలేదు,
గేదె అడ్డం రాలేదు.
సిగ్నల్ ఇవ్వలేదు, అంతే.
"వచ్చేస్తుందండీ" అంటాను.
ఎప్పుడని ఎవరైనా రెట్టిస్తే
తర్వాతి మనిషిని పిలుస్తాను.

సూర్యారావుపేటలో డాక్టరమ్మ
మా ఫైలు చివరి కాగితం దాకా తిప్పింది.
నా ట్యూబులు బాగున్నాయి. అండం నెలనెలా విడుదలవుతోంది.
ఆయనవి కోట్లలో ఉన్నాయట
("జీతం తప్ప అన్నీ కోట్లే" అన్నాడు మెట్లు దిగుతూ).
కారణం అని అచ్చేసి ఉన్న చోట
చిన్న గీత గీసిందావిడ.

ఏదో ఒకటి దొరికితే బాగుండేది.
దాన్ని తిట్టుకునేదాన్ని,
దానికి మందు మింగేదాన్ని.
గీతని ఏం చెయ్యను?

"ముప్ఫై ఒకటేగా, ఇంకో ఆర్నెల్లు ఊరికే ఉండండి.
ముప్ఫై ఏడై ఉంటే రేపే రమ్మనేదాన్ని."
మా ముందు వెళ్ళినామెకి ముప్ఫై ఏడే కాబోలు,
సూదుల చీటీ పట్టుకుని బయటికొచ్చింది.
ఆమెని చూసి నేను,
నన్ను చూసి ఆమె
కుళ్ళుకున్నాం.

ఊరికే ఉండడమంటే ఎంత పనో
గూడ్సు నడిపే ప్రభుదాసుని అడగండి.
పన్నెండో రోజు నుంచి పదహారో రోజు దాకా
డోర్నకల్లో ఉన్నా, బిట్రగుంటలో ఉన్నా
ఎలాగో డ్యూటీ మార్చుకుని ఇల్లు చేరాలి.
మొదటిసారి పంటినొప్పి అని చెప్పాడు.
రెండో నెలా పన్నే. మూడో నెలా.
సత్యనారాయణపురం క్వార్టర్లో అర్ధరాత్రి
బూట్లు విప్పుతూ "వచ్చాను సుగుణా" అంటాడు,
హాజరు పలికినట్టు.
నవ్వుకుంటాం. ఒక్కో నెల నవ్వు రాదు.

గుణదల కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించొచ్చి
"ఇంతకీ లోపం ఎవరిలో?" అంది అత్తమ్మ.
ఎవరిలోనూ లేదన్నాను.
"లోపం లేకుండా ఎందుకాగుతుందే?"
కిటికీ అవతల నిలబడి అడిగినట్టే ఉంది.
వచ్చేస్తుందండీ అనబోయి
పప్పులో ఉప్పు చూశాను.

క్యాలెండర్లో జనవరి ఇరవై చుట్టూ
సున్నా చుట్టాను. పెన్నుతో కాదు,
పెన్సిలుతో.

నిన్న క్యాంటీన్లో ఇద్దరం టీ తాగుతుంటే
డ్యూటీలు వేసే అబ్రహాముగారు వచ్చి
"ఏమయ్యా, ఆ పన్ను పీకించేశావా లేదా?" అన్నారు.
ఆయన నా వంక చూశాడు.
"డాక్టరుగారు ఆర్నెల్లు చూద్దామన్నారండీ."
"అంతేలే, తొందరపడకూడదు.
అందాకా లవంగనూనె రాస్తుండు."