రెండో అద్దం

అద్దం పగిలిందని తెచ్చిండు జోజప్ప సారు,
ఫాతిమానగర్ నుంచి, వానల,
తువ్వాలల చుట్టి.
నలభై ఏండ్లు కోయిర్‌కు హార్మోనియం వాయించిన వేళ్ళు,
ఇప్పుడు చాయ గిలాస పట్టినా వణుకుతయి.
ఇటలీ ఫాదర్ పోతూ పోతూ ఇచ్చిపోయిండట.
"జర పైలం ఓదెలూ, ఐదు వందల ఏండ్లది."

నా దుకాణానికి పెండ్లి ఫొటోలొస్తయి,
దండేసే ఫొటోలొస్తయి,
పదో తరగతి మెమోలొస్తయి.
ఐదు వందల ఏండ్లు ఎన్నడు రాలె.

అరచేతంత ముక్క.
పొట్ట ముందుకొచ్చిన ఒక్క అక్షరం,
ఆ పొట్టల మోకరిల్లిన రాజు,
నీలం శాలువ, నోటి మీద వేలు.
అంచుకు తీగలు, తీగ మీద ఒక నత్త.
బంగారం మాత్రం నిన్న పూసినట్టుంది.
"ఏం అక్షరం సారూ?"
"‘చెప్పిన’ అనే మాటకు మొదటిది. లాటిన్ల."
"మరి మిగతా మాటేది?"
సారు కండ్లద్దాలు తుడుసుకున్నడు.
"ఎవడో కోసిండు. బొమ్మ అమ్ముడుపోతది,
పాటనెవడు కొంటడు?"

‘చెప్పిన’ల చె కోసేస్తే
‘ప్పిన’ మిగులుతది.
నోరు తిరగదు.

మన అక్షరాలకూ తలకట్టు ఉంటది, కొమ్ములుంటయి,
గుడి కూడ ఉంటది.
ఆ గుడిల ఒకర్ని కూసోబెట్టాలని
మనకెందుకు తోచలేదో అనుకుంట
మేకులు పీకిన.

వెనక అట్ట. అట్ట కింద చదవరాని పేపరు.
పేపరు కింద అక్షరం వీపు.
కాగితం కాదు, తోలు.
డప్పు మీద ఉన్నట్టే ఎంటికల కుదుళ్ళు,
ముసురుకు అంచులు లేచి
ఇంకా ఏదో దూడకు గుర్తొస్తున్నట్టు వంకరపోతున్నది.
దాని మీద నాలుగు ఎర్ర గీతలు,
గీతల మీద నల్లటి చదరాలు,
గళ్ళ లుంగీకెళ్ళి గళ్ళు ఊడి పడ్డట్టు.

సారుకు ఎరుక లేదు.
ఇన్నేండ్లు ముందటి దిక్కే చూసిండు.
కిటికీ కాడికి తీసుకపోయిండు,
గొంతు సవరించుకున్నడు,
ఏడు సురాలు పాడిండు.
ఎనిమిదోది కత్తి కాడ ఆగింది.
సారు నోరు తెరిచే ఉన్నది.

నేను ఆయనకు చెప్పలేదు.
నా పదకొండో ఏట ఇదే బల్ల మీద
మా తాత పటం పరిచిన్రు.
కూనపులోల్ల పటం, ముప్పై మూరలు,
సాలోల్ల వాడలల్ల మూడు రాత్రులు విప్పుకుంట పోయే కులకథ.
తాత గొంతు పడిపోయినంక నాయిన బేరం ఒప్పుకున్నడు.
ముక్కకింత అన్నడు పట్నం నుంచొచ్చినాయన.
బ్లేడు ఆయనది.
స్టీలు స్కేలు కదలకుంట ఒత్తి పట్టిన వేళ్ళు నాయి.
ముందుగల్ల వినాయకుడు పోయిండు, మంచి ధరకు.
తర్వాత దున్నపోతు.
లింగాన్ని కావలిచ్చుకున్న పిలగాడు ఒక ఫ్రేముల,
వాని మీద పడాల్సిన పాశం ఇంకో ఫ్రేముల.
ఇప్పుడు ఏ ఊర్ల, ఏ గోడకున్నడో,
భయపడుతనే ఉన్నడు వాడు,
దేనికో వానికే తెల్వదు.
ఫ్రేములన్నీ మా దుకాణంలనే కట్టినం.
లోపలర్రల మంచం మీదికెళ్ళి తాత
బల్ల దిక్కు చూసిండు.
ఏమనలేదు.

"కొత్త అద్దం ఎంతయితది?"
"రెండద్దాలు సారూ. ముందొకటి, వెనకొకటి."
"మరి గోడకెట్ల?"
"గోడకు వద్దు. కిటికీల వేలాడదీయుండ్రి."

రెండో అద్దానికి కూడ పైసలు తీసుకున్న.
ఊకె ఇస్తే సారు ఒప్పుకోడు,
ఊకె ఇచ్చి నేనేం కడుక్కుంట?

వాన తెరిపిచ్చింది.
కవర్ల పెట్టే ముందు ఒక్కపారి వెలుగుకు పట్టినం.
బంగారమంత నల్లబడ్డది.
రాజు కడుపులకెళ్ళి ఎర్ర గీతలు,
తలకిందులైన సురాలు
అతని వేలు పక్కనుంచే పోతున్నయి.
సారు అటు దిక్కు నిలబడి లెక్కపెడుతున్నడు.
ఇటు దిక్కు నేను నత్తను చూస్తున్న.
ఇంకా కోసిన అంచు దాకా చేరలేదది.