ముసాయిదా మీద ఒక లేఖరి అభ్యంతరం

కమిటీ వారికి,
గుంటూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
జిరాక్సు కొట్టు అరుగు మీద ముప్పై నాలుగేళ్లుగా
దస్తావేజులు రాసి బతుకుతున్న
దూదేకుల సైదా రాసుకునేది.

తనఖా చట్టం తిరగరాస్తున్నామనీ
అభ్యంతరాలుంటే నెలాఖరులోగా పంపమనీ
మీరు పేపర్లో వేయించారు.
వకీలు గారి గుమాస్తా ముసాయిదా తెచ్చిచ్చాడు.
నలభై ఒక్క పేజీలు, పేజీకి రూపాయి.
రెండు పేజీలు తెల్లగా వచ్చాయి,
వాటికీ తీసుకున్నాడు.

చదివాను.
మంచి మాటలు లేవనను.
అప్పు తీరిన నెలలో కాగితాలు తిరిగివ్వాలట.
ఆ మాట ముందే ఉండి ఉంటే
బాపయ్య మేస్త్రి తన ఒరిజినలు దస్తావేజు
తన చేత్తో పట్టుకునేవాడు.
అది బ్యాంకు నుంచి బయటికొచ్చేనాటికి
ఆయన పేరు ముందు 'కీర్తిశేషులు' అని
నేనే చేర్చాల్సి వచ్చింది.

తొమ్మిదో క్లాజు దగ్గర ఆగిపోయాను.
అరవై రోజుల గడువు ముప్పై చేశారు.
నోటీసు తలుపుకి అంటిస్తే చాలు,
'అందినట్టు భావించబడును.'

భావించబడును.
ఎవరు భావిస్తారయ్యా?
ఈ వాక్యంలో కర్త ఎక్కడున్నాడా అని
కళ్లజోడు తుడుచుకుని వెతికాను.
ఇలాంటివి నేనూ వేలల్లో రాశాను.
దొంగకే తెలుస్తాయి దొంగ దారులు.

సంగడిగుంటలో ఏసుమణి అని ఉంది,
మిరపకాయల తొడిమలు తీస్తుంది.
అరవై గజాల రేకుల ఇల్లు.
తూర్పు: మున్సిపాలిటీ కాలువ.
దక్షిణం: పఠాన్ కరీమున్నీసా గారి గోడ.
పడమర: సందు.
ఆ ఇంటికి గాలి వచ్చేది ఆ సందులోంచే,
హద్దుల్లో గాలికి చోటు ఉండదు కనక రాయలేదు.
ఉత్తరం: నడక దోవ.

తనఖా నాడు మిషను ఆమె వేలిని గుర్తుపట్టలేదు.
కొంగుకి తుడుచుకుంది, తడి గుడ్డకి రుద్దుకుంది,
పది వేళ్లూ వరసగా పెట్టి చూసింది.
ఘాటు తినేసింది గీతలన్నీ.
చివరికి సాక్షులతో కానిచ్చాం.
'నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా' అని
గుండ్రంగా రాశాను.
అప్పుడు ఆమె కొడుకు పెద్దాసుపత్రిలో
ముక్కులో గొట్టంతో ఉన్నాడు.
అయినా అలాగే రాయాలి. పద్ధతి.

తర్వాత తలుపుకి కాగితం పడింది, ఇంగ్లీషులో.
గుండ్రటి స్టాంపు చూసి మంచిదే అనుకుని
మందుల షాపు క్యాలెండరు వెనక దోపింది.
యాభై ఎనిమిదో రోజు నా దగ్గరికి తెచ్చింది.
"సైదన్నా, ఇది పట్టాయేనా?"

ఆ రెండు రోజుల్లో
వకీలు, కోర్టు, స్టే.
ఎలా పరిగెత్తామో నా మోకాళ్లకి తెలుసు.
ఇల్లు ఇంకా ఉంది.
తూర్పున కాలువ ఇంకా కంపు కొడుతోంది.
మీ కొత్త లెక్క ప్రకారం అయితే
ఆమె ఇరవై ఎనిమిది రోజులు ఆలస్యం.

అప్పులు ఎగ్గొట్టేవాళ్లు లేరని వాదించను.
వాళ్లలో కొందరికి నేనే దస్తావేజులు రాశాను,
నా ఫీజు కూడా ఎగ్గొట్టారు.
నేను అడిగేది చిన్నది.
వేలిముద్ర వేయించేటప్పుడు అడుగున
'చదివి వినిపించడమైనది' అని రాయకపోతే
మా కాగితం చెల్లదంటారు.
వేలం వేసేటప్పుడు మాత్రం
చదివి వినిపించే మనిషి అక్కర్లేదా?
ఆ ఒక్క ముక్క తొమ్మిదో క్లాజులో చేర్చండి,
చదివింది ఎవరో, విన్నది ఎవరో, పేర్లతో.
వాక్యానికి కర్త దొరుకుతాడు.

స్టాంపు డ్యూటీ గురించి ఇంకో అర్జీ పెడతాను,
ఇందులో కలపడం లేదు.

ఇట్లు నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా
అని చెయ్యి తనంతట తనే రాసేసింది.
కొట్టేశాను.

కొట్టివేతలు: ఒకటి.
పక్కన పొడి సంతకం పెట్టాను, చూసుకోండి.