కల్లు, కళ్లు

"ఆల్లకి ఇంగిలీసు నేర్పినావు సరే,
ఆల్ల బాస నీకేటొచ్చింది?"
కానాగంతల తట్ట దించుతూ అడిగింది పోలమ్మత్త.
జాలారిపేట ఇసకలో బోర్లించిన తెప్ప మీద కూర్చున్నాను.
దాని మీద నూకరాజు మామ పేరు
రంగు పోయి 'రాజు' మిగిలింది.

వచ్చిందత్తా, కొంచెం.
చేపల పేర్లు ముందొచ్చాయి.
దీన్ని సబా అంటారు. కవల్లని ఇవాషి.
తర్వాత రైలు స్టేషన్లు, అంకెలు,
క్షమించమని అడగడం.
అది చాలా రకాలు, నాకు నాలుగొచ్చు.
షిమొదా మాస్టారు తల పక్కకి వంచి గాలి పీలిస్తే
'కాదు' అని అర్థమట.
అది తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ భాషలో క్రియ చివరికొస్తుంది, మనలాగే.
నిన్న రేవుకెళ్లి, చేప కొని, ఇంటికి తెచ్చి...
తిన్నానో పారేశానో తేలేదాకా
ఎదుటి మనిషి ఓపిగ్గా ఆగుతాడు.
ఇంగ్లీషుకి అంత ఓపిక లేదు.
బంతి చివర కూర్చున్న పెద్దాయన్ని
విస్తరితో సహా లేపి మధ్యలోకి జరిపినట్టు
రోజూ బోర్డు మీద క్రియని జరిపేదాన్ని.
ముప్పయి నాలుగు మంది పిల్లలు
ఆయన వంక జాలిగా చూసేవాళ్లు.

'బస్' అనాలి, సకారం దగ్గర ఆగిపోవాలి, అంది పుస్తకం.
వాళ్లు 'బసు' అన్నారు.
దిద్దబోయి నోరు మూసుకున్నాను.
మద్దిలపాలెం డిపోలో ఇన్నేళ్లూ నేనెక్కింది బస్సే.
బస్ ఎప్పుడూ రాలేదు.

నాలుగో తరగతిలో దక్షిణామూర్తి మాస్టారు
స్కేలుతో నా మెటికల మీద చెప్పిన పాఠం నీకు తెలీదు.
కల్లు తాగేది. కళ్లు చూసేది.
మీ పేటలో రెండూ ఒకటేనేమో, అన్నాడు.
క్లాసంతా నవ్వింది.
ఆ ళ ఇప్పటికీ నాలుక కింద ఇసక రేణువే.

అయినా హోనోకాని దిద్దాను.
పదకొండేళ్ల పిల్ల. ఆదివారం ఏం చేస్తావంటే లేచి నిలబడి
"సండే. సీ. ఐ ప్రే" అంది.
ప్లే, అన్నాను. నాలుక పైకెత్తు. ప్లే.
లేని బంతిని తన్ని చూపించాను.
తల అడ్డంగా ఊపి, మళ్లీ ప్రే.
మూడోసారీ దిద్దాను, అత్తా,
పళ్లకి వేలానించి మరీ, ల, ల, ల.
అప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది.
గోళ్ల నిండా క్రేయాన్ రంగు.
వాళ్ల నాన్న పడవ ఏ ఏడు తిరిగి రాలేదో
చెప్పడానికి తనకి ఇంగ్లీషు చాలదు,
వినడానికి నాకు వాళ్ల భాష చాలదు.
కిటికీ అవతల రేవు.

"మరేటన్నావు?"

ఏమనలేదు. ఎర్ర పెన్నుతో
ఆ పిల్ల నోటుబుక్కులో సున్నా చుట్టాను.

"సున్నా యేసినావేటే ఆ గుంటకి!"

అక్కడ సున్నా అంటే ఒప్పు అత్తా.
టిక్కు పెడితేనే తప్పు.

అత్త ఏమీ మాట్లాడలేదు.
చేపల మీద నీళ్లు చిలకరించింది.
తెప్ప అంచున రేగిన పెచ్చుని గోటితో గీకింది.
"ఇసక గాలి. కల్లు మండతన్నాయి" అని
కొంగు ముఖానికి తెచ్చుకుంది.

కల్లే అంది.

కిలో ఎంతని ఎవరో అడుగుతున్నారు.
చెప్పేదాకా ఆగుతున్నారు.