కోటల కైకిలి

బల్లార్షా కోటల గడ్డి పీకుడు పని మాది.
పొద్దుగాల్నే హాజరు. సార్ బుక్కు తెరిచి
మరాఠీల పేర్లు పిలుస్తడు.
'ఓదెవ్వ' అనరాక నన్ను 'ఓదేబాయి' అంటడు.
మడావి గిర్జాబాయి మాత్రం పిలవంగనే పలుకది.
దర్వాజ కాడ చెప్పులిడిసి,
రాతిల చెక్కిన సింహం కింద నిలవడి
కొంగు సరిచేసుకొని, అప్పుడు
"హోయ్" అంటది.

మీ తాతల ఇల్లేనటగదా, అన్న ఒకనాడు.
కొడవలి ఆపలే.
"గడ్డి ఎవరింట్ల మొలువది?"

మా అయ్య బొగ్గుబాయిల పనికొచ్చిండు ఈ ఊరికి,
మంథెని అవతలి నుంచి, పాసింజరు రైలుల,
ఒక్క సద్దిమూటతోటి.
ముప్పై ఏండ్లు దిగిండు, దగ్గుకుంట ఎక్కిండు.
ఆయన తువ్వాల ఎన్నిమాట్ల పిండినా
నీళ్లు నల్లగనే పారేటియి.
ఆయన కింద తవ్విండు.
నేను పైన పీకుతున్న.
నడుమ రాజ్యం ఉన్నదట.

రెండింటికి బాయిల పేలుడు.
గోడ ఒక్కసారి ఉలిక్కిపడతది,
పాత సున్నం రాలి జొన్నరొట్టె మీద వడతది.
గిర్జాబాయి ఊదుకొని తింటది.
"ఉప్పు తక్కువైందని పెద్దోళ్లు ఏస్తున్నరు" అని నవ్వుతది.
వార్ధా మీదికెళ్లి కాగితపు మిల్లు వాసన.

ఎండలు ముదరకముందు ఉత్తర్వొచ్చింది:
గోడల పగుళ్లల్ల ఏ మొక్కా ఉండొద్దు, యేరుతో సహా.
రావిని పీకినం. మేడిని పీకినం.
యేర్లు పట్టుకున్న రాళ్లు గూడ ఊడొచ్చినయి,
మళ్ల పెడితే సరిగ కూసోలే.
బురుజు మీద ఒక ఇప్ప మొక్క.
జానెడు. ఆకులింకా ఎర్రగ,
పురిటిబిడ్డ అరచేతుల లెక్క.
గిర్జాబాయి దాని ముంగట కూసున్నది.
కొడవలి పక్కకు పెట్టి గోండుల ఏందో అన్నది.
నాకా మాట రాదు.
కింది నుంచి సార్: అక్కడ అయిపోయిందా?
ఆమె నా దిక్కు చూడలే.
నేనే లేచిన. మొక్కకు అడ్డంగ నిలవడి
"ఝాలం సాహెబ్" అన్న.
ఇన్నేండ్లల్ల నాకొచ్చిన మరాఠీ
ఒక అబద్ధానికి సరిపోయింది.

మాపటికి బుక్కుల బొటనేళ్లు.
మా అయ్య జీతం కాగితం మీద గూడ ఇట్లనే,
ఏది సిరానో ఏది బొగ్గో తెలవకుంట.
గిర్జాబాయి పోతపోత
వేలి నలుపు సింహం కాలికి తుడిచింది.
గోడల మీద గుర్తులు పెట్టొద్దని
బోర్డు మీదున్నదట, సార్ మొన్ననే చదివి చెప్పిండు.
చెప్పులు ఏసుకున్నది.
రేపు పడమటి గోడ.