రైటర్ బల్ల

హొసకోటె దాటినాక చింతామణి రోడ్డులో
బస్సు ఆగకుండా నిదానంగా పోయే చోట
మా స్టేషను.
వెనక, యాక్సిడెంటు స్కూటర్ల గుట్ట మీదికి
సొరతీగ పాకి రెండు కాయలు కాసింది.
అవి ఎవరి సొత్తో ఏ రిజిస్టరులోనూ లేదు.
పోయిన ఆదివారం సాంబారులో వేసుకున్నాం.

నా పని రాయడం.
జనం తెలుగులో చెబుతారు,
నేను కన్నడంలో రాస్తాను.
మధ్యలో కొంత ఒలికిపోతుంది,
చేద పైకొచ్చేలోగా నీళ్ళు ఒలికినట్టు.

మునిరత్నమ్మ మంగళవారం వచ్చింది,
చెప్పులు గడప బయటే వదిలి.
"చౌడప్పా, బోరు తీగ కోసుకపోయినారు నాయనా.
నూటిరవై అడుగులు.
నాలుగో జ్వరం లేచిన పురుగులు,
ఇప్పుడే కదా అవి తినేది.
రాత్రంతా ఆకు నమిలే చప్పుడు
ఇంట్లో వాన పడతా ఉన్నట్టుండె.
తోటకు నీళ్ళు లేవు, ఆకు వాడిపాయె,
వాన నిలిచిపాయె.
కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది."

నేను రాశాను:
ఫిర్యాదికి నష్టమూ మనస్తాపమూ కలిగినవి.

"గుర్తేమన్నా ఉందా అవ్వా?"
"జాయింటు కాడ ఎర్ర పీలిక కట్టినా.
మా ఆయన పోయిన ఏడు
కట్టడం మానేసిన చీరలోది."

రాసింది చదివి వినిపించాలి, అది రూలు.
కన్నడాన్ని మళ్ళీ తెలుగు చేసి చదివాను.
చెవి ఒగ్గి చివరిదాకా విని
"బాగుంది నాయనా" అంది,
"ఎవురో పెద్దామెకు జరిగినట్టుంది."
వేలిముద్ర వేసి
సిరా తలకు తుడుచుకుని పోయింది.

ఐదో నాడు బీటు వాళ్ళు ఒక పిల్లోణ్ణి తెచ్చారు.
గుజిరీ అంగడి వెనక, కాలిన రబ్బరు వాసనతో.
పేరు చేతన్. టెన్త్ ఫెయిలు. పదహారు నిండలేదు.
గోనెసంచిలో రాగి చుట్ట,
దానికి అంటుకుని, సగం మాడిన ఎర్ర పీలిక.

అవ్వకు కబురు పోయింది.
చుట్టను చాలాసేపు చూసింది.
తర్వాత వాడి ముంజేతులు చూసింది,
బొబ్బలు.
"పొద్దున ఏం తింటివిరా?"
వాడు గోడ మీది కరెంటు మీటరును చూస్తున్నాడు.

"ఇది నా తీగ కాదు చౌడప్పా."
"అవ్వా, పీలిక..."
"ఎర్రగుడ్డ ఊర్లో నా ఒక్కదానికేనా ఉండేది?"

ఎస్సై కుర్చీ వెనక్కి తోసి లేచిపోయాడు.
నేను పెన్ను మూత తీశాను.
ఇరవై రెండేళ్ళుగా
నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే సిరాతో రాస్తున్నాను.
గుర్తించలేదు, అని రాసి
తెలుగులో చదివి వినిపించాను.
తల ఊపింది.
ఈసారి ఒక్క చుక్కా ఒలకలేదు.

మెట్ల దగ్గర అడిగాను, "పురుగులు?"
"పక్కూర్లో ఆకు అప్పు తెచ్చినా.
సగం గూడు కట్టినాయి. సగం..."
చెయ్యి గాల్లో తిప్పింది.

వాణ్ణి తిట్టి వదిలేశారు.
ఆమెకు ఇరవై అడుగుల వెనక
వాడు రోడ్డు దాకా నడవడం చూశాను.
ఎప్పుడూ ఆగని బస్సు ఆ రోజు ఆగింది.
దుమ్ము లేచింది.
ఇద్దరూ ఎక్కారో, ఒక్కరే ఎక్కారో.

పోయిన నెల ఇన్‌స్పెక్షను.
సర్కిల్ సారు నా బల్ల మీద అన్నీ కదిపి చూశాడు.
స్టాంపు, దారప్పిండె, సిరా ప్యాడు,
ప్యాడు పక్కన, అంచు మాడిన ఎర్ర పీలిక.
"ఇదేందయ్యా?"

"వేలు తుడుచుకోను సార్.
జనం సిరాను తలకు పూసుకుంటున్నారు."