గీతకు ఇటా, అటా

జ్ఞానప్రకాశం సారు ట్రావెల్స్‌లో
టైపు కొట్టేది, ప్రూఫు దిద్దేది నేనే.
పదహారు మంది ట్రెజరీ పెన్షనర్లు
దక్షిణ ఆస్ట్రేలియా చూడబోతుండారు.
ఎనిమిది పుటల పుస్తకం, తెలుగులో, శుక్రవారానికల్లా.
"మొదటి పుటలో పెరుగన్నం సంగతి వెయ్యి మునిలక్ష్మీ,
చరిత్ర ఎంతుంటే అంత చాలు."

వేసినా.
కింద సముద్రం, రెండుచోట్ల నేలను కొరికి లోపలికొచ్చింది.
పైన ఉప్పు చెరువులు. నీళ్ళుండవు, పేరుకు చెరువే.
మాకు కొత్తేం కాదది.
పెద్ద నది ఒక్కటే, పక్క రాష్ట్రాల చేలన్నీ తడిపి
మిగిలింది మోసుకుని అలిసిపోయి వస్తుంది.
సంకెళ్ళతో దించిన ఖైదీలు కాదు ఇక్కడికొచ్చినోళ్ళు,
లండన్‌లో కూర్చుని ఎకరాల లెక్కన
చూడని నేలను కొనుక్కున్నోళ్ళు.
రేణిగుంట రోడ్డు ప్లాట్లు గుర్తొచ్చి నవ్వుకున్నా.

నాలుగో పుట దగ్గర చెయ్యి ఆగింది.
కరువు ఏడు సర్వేయరొకడు గుర్రమెక్కి
ఎండిన పొదలు చూసుకుంటా పొయ్యి
మ్యాపు మీద ఒక గీత గీసినాడంట:
దీనికి పైన వాన్ని నమ్మి విత్తనం వెయ్యొద్దు.
కొన్నేండ్లకు వానలు బాగా పడినాయి.
గీతను చూసి జనం నవ్వినారు.
నాగలి పోయిన చోటికి వాన వెంటబడి వస్తుందన్నారు,
బండ్లు కదిలినాయి,
గోధుమల మీద ఆశతో రాతి ఇండ్లు లేచినాయి.

ఇప్పుడవి ఫోటోలకు బాగుంటాయి.
కప్పు లేదు. పొగగొట్టం ఉంది.

పుంగనూరు నుంచి కంటి ఆస్పత్రికొచ్చిన మా చిన్నాయన
నల్లద్దాలు పైకెత్తి ఆ బొమ్మను చానాసేపు చూసినాడు.
ఆరు బోర్లు వేసినోడు.
నాలుగేండ్లు చెనిక్కాయ పండి
ఐదో ఏడు పశువులకు కట్టె కూడా మిగలనోడు.
ఇల్లెవరిదని అడగలేదు, ఏ దేశమని అడగలేదు.
"పాపా, మనూరు ఆ గీతకు ఇటా, అటా?"

ఏం చెప్పాల? పుట తిప్పినా.

ఆరో పుటలో ఒక వాక్యం:
వలస వచ్చేనాటికి అది ఖాళీ నేల.
తిరుమల ఘాటు మలుపులో బోర్డు పెట్టిన బండ ఉంది కదా,
కింద ఒక రాయి, పైన ఒక రాయి,
నడుమ యాభై కోట్ల ఏండ్లకు పైగా కనబడకుండా పోయినాయంటారు.
బస్సు ఆగదక్కడ.
అయినా ఆ ఏండ్లు జరగనే లేదని
ఏ రాయీ చెప్పదు.
ఖాళీ నేలను కొట్టేసినా.
అడిలైడుకు ముందు నుంచీ ఇంకో పేరుంది,
గౌర్నా వాళ్ళ మాటలో, ఎర్ర కంగారూల తావు అని. అది పెట్టినా.
"పుట పెరుగుతాది కదమ్మా" అన్నాడు సారు.
పెరుగన్నంలో రెండు లైన్లు తగ్గించినా.

సాయంత్రం బస్సుకు ముందు
చిన్నాయన ఒక పుస్తకం అడిగి తీసుకుని
నాలుగో పుట పైకొచ్చేటట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
జూన్ నెల.
పదునైతే విత్తుతాడు.